64 గళ్ల చరిత్ర – 19: ఎదుటి కుర్చీ

1942 మార్చి 7 రాత్రి. న్యూయార్క్‌లోని మాన్‌హాటన్ చెస్ క్లబ్‌లో ఎవరో ఆడుకుంటున్న ఆటను పక్కన నిలబడి చూస్తున్నాడు హోసే రౌల్ కపాబ్లాంకా. ఉన్నట్టుండి, కోటు విప్పడానికి కాస్త సాయం చేయమని పక్కవాళ్లను అడిగి, అక్కడే కుప్పకూలిపోయాడు. మౌంట్ సైనాయ్ ఆసుపత్రికి తీసుకువెళ్లారు. మర్నాడు ప్రాణం పోయింది. అప్పటికి ఆయన వయసు 53.

అంతకు 14 నెలల ముందు, 1941 జనవరి 11న, అదే ఆసుపత్రిలో 72 ఏళ్ల ఎమాన్యుయేల్ లాస్కర్ కన్నుమూశాడు. 1921లో హవానాలో లాస్కర్‌ను ఓడించి ప్రపంచ కిరీటం అందుకున్నవాడు ఈ కపాబ్లాంకాయే. ఒకరు హిట్లర్ జర్మనీలో ఆస్తి పోగొట్టుకుని దేశాలు పట్టి తిరిగిన గణిత శాస్త్రవేత్త. ఇంకొకరు క్యూబా ప్రభుత్వం దౌత్యవేత్త హోదా ఇచ్చి నెత్తిన పెట్టుకున్న హవానా ముద్దుబిడ్డ. ఇద్దరూ చివరికి ఒకే ఊళ్లో, ఒకే ఆసుపత్రిలో వెళ్లిపోయారు. కపాబ్లాంకాను ఓడించిన అలెగ్జాండర్ అలెఖైన్ 1946 మార్చిలో పోర్చుగల్‌లోని ఎస్తోరిల్‌లో, హోటల్ గదిలో ఒంటరిగా చనిపోయి కనిపించాడు. కిరీటం అప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.

ఈ ముగ్గురిలో గొప్పవాడెవరు? మొత్తంగా అందరిలో గొప్పవాడెవరు? 1886 నాటి స్టెయినిట్జ్ నుంచి 2024 డిసెంబరులో సింగపూర్‌లో గెలిచిన గుకేశ్ దాకా 18 మంది ఛాంపియన్లను ఇంతవరకూ 18 భాగాల్లో వరసగా చూశాం. కిరీటం రెండుగా చీలిన రోజుల్లోని ఫిడే విజేతలను ఆ లెక్కలో చేర్చలేదు. ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చిన ఆ ప్రశ్నకు ఈ వారం జవాబు చెప్పాలి.

వేర్వేరు కాలాలవాళ్లను పోల్చడం తప్పనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కుస్తీ పట్లు కుస్తీతోనే పోతాయి. పాతకాలపు పహిల్వాను ఎంత బలవంతుడో చూసినవాళ్లు చెప్పుకోవాల్సిందే. చదరంగానికి ఆ బాధ లేదు. 1894లో ఆడిన ఆట ఎత్తు ఎత్తుగా రాసి ఉంది. గుంటూరులో ఒక పిల్ల ఇవాళ సాయంత్రం బల్ల ముందు కూర్చుని, లాస్కర్ ఏ బంటు జరిపాడో అదే బంటు జరిపి, ఎందుకు జరిపాడో ఆలోచించగలదు. ఇంత సాక్ష్యం చేతిలో పెట్టుకుని తీర్పు చెప్పకపోతే అది మన బద్ధకమే.

తూకం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రేటింగ్. హంగరీలో పుట్టి అమెరికాలో పెరిగిన అర్పాద్ ఈలో, మిల్వాకీలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం చెప్పేవాడు. ఆయన తయారు చేసిన లెక్కను ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించింది. ఆ లెక్క చెప్పేది ఒక్కటే. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే, నూరు ఆటల్లో పైవాడికి 76 పాయింట్లు దాకా రావాలి. అంటే ఒకే గుంపులో ఒకరితో ఒకరు ఆడుకునేవాళ్ల మధ్య ఎడం ఎంతో అది చెబుతుంది. ఆ గుంపు మొత్తం బలం ఎంతో చెప్పదు. 1972లో బాబీ ఫిషర్ రేటింగ్ 2785. 2014 మేలో మాగ్నస్ కార్ల్‌సన్ రేటింగ్ 2882, ఇంతవరకూ ఎవరూ అందుకోని అంకె. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి కార్ల్‌సన్ 97 పాయింట్లు మెరుగనడం, అప్పటి బియ్యం ధరకూ ఇప్పటి ధరకూ తేడా చూసి రైతు అంత బాగుపడ్డాడనడం లాంటిది. ఎడం మాత్రం చూడొచ్చు. ఫిషర్ రేటింగ్ 2785గా ఉన్ననాడు అప్పటి ప్రపంచ ఛాంపియన్ బోరిస్ స్పాస్కీది 2660. ఛాంపియన్ కంటే సవాలు చేసినవాడు 125 పాయింట్లు పైన! 1999లో గ్యారీ కాస్పరోవ్ 2851కి చేరినప్పుడు రెండో స్థానంలో ఉన్న మన ఆనంద్‌తో ఎడం దాదాపు 80.

రెండో తూకం కంప్యూటర్. 2006లో స్లొవేనియాలోని ల్యుబ్లియానా విశ్వవిద్యాలయానికి చెందిన మతేయ్ గుయిద్, ఇవాన్ బ్రాట్కో అనే ఇద్దరు, ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌ల ఆటలన్నిటినీ క్రాఫ్టీ అనే చదరంగ ప్రోగ్రాంతో పరీక్ష చేయించారు. అతి తక్కువ తప్పులు చేసినవాడిగా కపాబ్లాంకా తేలాడు. 1921లో కిరీటం గెలిచిన మనిషి ఎనభై ఏళ్ల తర్వాతి మరబుద్ధి ముందు కూడా నిగ్గుతేలడం ఆషామాషీ విషయం కాదు. అయితే కపాబ్లాంకా ఆట నీళ్లలా తేటగా ఉండేది. చిక్కుముళ్లను ఆయన దగ్గరికి రానిచ్చేవాడు కాదు. తడబడే సందు తక్కువ ఉన్నచోట తప్పులూ తక్కువే ఉంటాయి. అడవిలో దారి తీసినవాడి బట్టలకు ముళ్లు తగులుతాయి, రాచబాట మీద నడిచినవాడికి తగలవు. అందుకని ఆ పరిశోధన మీద గౌరవం ఉన్నా, దాన్ని తీర్పుగా తీసుకోలేను.

పైగా కంప్యూటర్ తూకంలో ఒక అన్యాయం ఉంది. తరవాతివాడు ముందరివాడి భుజాల మీద నిలబడి చూస్తాడు. బలహీనమైన గడి అంటే ఏమిటి, దాడికి ముందు నిలకడ ఎందుకు అనే సంగతులు స్టెయినిట్జ్ ఒక్కొక్కటిగా తవ్వి తీయాల్సి వచ్చింది. వాటిని ఇవాళ మన పిల్లలు కోచింగ్ మొదలైన ఏడాదిలోనే నేర్చేసుకుంటున్నారు. ఆ లెక్కన చూస్తే పదో తరగతి పిల్లవాడు ఆర్యభటుడి కంటే గొప్ప గణితజ్ఞుడు కావాలి.

మరి ఎలా? కాలాల మధ్య మనం అనుకున్నంత ఎత్తు గోడలేమీ లేవు. ఒక గొలుసు చెబుతాను చూడండి. 1836లో ప్రాగ్‌లో పుట్టిన స్టెయినిట్జ్ 1894లో లాస్కర్‌తో ఆడి కిరీటం పోగొట్టుకున్నాడు. ఆ లాస్కర్ 1935లో మాస్కో టోర్నీలో మిహాయిల్ బోత్విన్నిక్‌తో ఆడాడు. బోత్విన్నిక్ తన చివరి టోర్నీలో, 1970లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, స్పాస్కీతో ఆడాడు. స్పాస్కీ 1981లో టిల్బర్గ్‌లో పద్దెనిమిదేళ్ల కాస్పరోవ్‌ను ఓడించాడు. కాస్పరోవ్ 2004లో రేక్యావిక్‌లో పదమూడేళ్ల కార్ల్‌సన్‌తో ఒక ర్యాపిడ్ ఆటను అతి కష్టం మీద డ్రా చేసుకుని, మరొకటి గెలిచాడు. కార్ల్‌సన్ 2025 జూన్ 1న నార్వేలోని స్టవాంగర్‌లో మన గుకేశ్ చేతిలో ఓడి బల్ల మీద పిడికిలితో గుద్దాడు. 131 ఏళ్ల చరిత్రకు ఏడుగురు మనుషులు, ఆరు కరచాలనాలు చాలాయి. ప్రతి ఛాంపియనూ తనకు ముందటి తరంతోనూ తర్వాతి తరంతోనూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాడు.

అందుకని నేను చూసే తూకం ఆ బల్లే. ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చున్నారు? తన కాలంలో అందరికంటే ప్రమాదకరమైన మనిషిని ఛాంపియన్ ఆ కుర్చీలోకి రానిచ్చాడా? వచ్చాక ఎన్నిసార్లు నిలబడ్డాడు? నా మట్టుకు ఎత్తుల నాణ్యత కంటే, రేటింగ్ కంటే, కిరీటం ఎన్నేళ్లుంది అన్నదానికంటే ఇదే పెద్ద పరీక్ష.

ఈ పరీక్షలో లాస్కర్‌ది విచిత్రమైన ఫలితం. 1894 నుంచి 1921 దాకా 27 ఏళ్లు ఆయనే ఛాంపియన్. అంతకాలం ఇంకెవరూ లేరు. కానీ 1897లో స్టెయినిట్జ్‌ను రెండోసారి ఓడించాక మళ్లీ 1907 దాకా కిరీటం కోసం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ రోజుల్లో కిరీటం ఛాంపియన్ సొంత ఆస్తి. ఎవరితో ఆడాలో, ఎంత సొమ్ము పెడితే ఆడాలో ఆయనే చెప్పేవాడు. 1912లో వరసగా అయిదు టోర్నీలు గెలిచిన అకిబా రూబిన్‌స్టెయిన్‌తో మ్యాచ్ కుదిరేసరికి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. రూబిన్‌స్టెయిన్‌కు ఆ కుర్చీ మళ్లీ దక్కలేదు.

అయినా లాస్కర్‌ను తోసిపుచ్చలేం. కిరీటం పందెంగా లేని టోర్నీల్లో ఆయన ఎవరికీ వెనుదీయలేదు. 1914 సెయింట్ పీటర్స్‌బర్గ్ టోర్నీనే తీసుకోండి. తుది అంకం మొదలయ్యేసరికి పాతికేళ్ల కపాబ్లాంకా ఒకటిన్నర పాయింట్ల ముందున్నాడు. ఇద్దరూ తలపడిన ఆటలో లాస్కర్‌కు గెలుపు తప్పనిసరి. అలాంటప్పుడు ఎవరైనా మంత్రిని బల్ల మీద ఉంచుకుని కలియబడతారు. లాస్కర్ మొదట్లోనే మంత్రులను మార్చేసుకున్నాడు! చూసేవాళ్లకు అది డ్రా కోసం ఆడే ఎత్తు. కానీ ఆ ఆరంభంలో నల్లపావులవాడు చురుగ్గా దాడి చేస్తేనే నిలబడగలడు. డ్రా చాలనుకుని నింపాదిగా ఆడదామనుకున్న కపాబ్లాంకాకు అది మింగుడుపడలేదు. మెల్లమెల్లగా ఊపిరాడని స్థితిలో పడి ఓడిపోయాడు. ఆ దెబ్బకు తర్వాతి ఆట కూడా పోగొట్టుకున్నాడు. టోర్నీ ముగిసేసరికి లాస్కర్‌కు పదమూడున్నర, కపాబ్లాంకాకు పదమూడు. ఎదుట కూర్చున్న మనిషి ఆ రోజున ఏం కోరుకుంటున్నాడో కనిపెట్టి, అది దొరక్కుండా చేయడంలో లాస్కర్‌కు సాటి ఇవాళ్టికీ లేరు.

పదేళ్ల తర్వాత, 1924లో న్యూయార్క్‌లో, 55 ఏళ్ల వయసులో అదే కపాబ్లాంకానూ అలెఖైన్‌నూ వెనక్కి నెట్టి 20 ఆటల్లో 16 పాయింట్లతో మొదటి స్థానం కొట్టాడు. 1935లో మాస్కోలో, 66 ఏళ్ల వయసులో, 19 ఆటల్లో ఒక్కటీ ఓడకుండా మూడో స్థానం తెచ్చుకున్నాడు. అక్కడా కపాబ్లాంకాను ఓడించాడు. నాజీలు ఇల్లూ వాకిలీ లాక్కున్నాక, బతుకుతెరువు కోసం మళ్లీ బల్ల ముందుకు వచ్చిన వృద్ధుడు సాధించిన ఫలితం అది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆటతో పాటు ఆయన బీజగణితంలో చేసిన పని లాస్కర్–నోదర్ సిద్ధాంతంగా నిలిచిపోయింది.

కపాబ్లాంకా, అలెఖైన్‌ల కథ ఇంతకు విరుద్ధం. 1916 నుంచి 1924 దాకా ఎనిమిదేళ్లు కపాబ్లాంకా పోటీల్లో ఒక్క ఆట కూడా ఓడలేదు. 1927లో బ్యునోస్ ఎయిర్స్‌లో మ్యాచ్ మొదలయ్యే నాటికి అలెఖైన్ ఆయన మీద ఒక్కటంటే ఒక్క ఆటా గెలిచి ఎరగడు. 34 ఆటలు నడిచిన ఆ మ్యాచ్‌లో 25 డ్రా అయ్యాయి. అలెఖైన్ ఆరు గెలిచాడు, మూడు ఓడాడు. కపాబ్లాంకా ఆటలను ఏరి, పరిశీలించి, ఆ తేటనీటిలోనూ బురద ఎక్కడుందో పట్టుకున్నాడు. మనిషి పట్టుదల ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. మరి ఆ తర్వాత? కపాబ్లాంకా మళ్లీ మ్యాచ్ కావాలన్నాడు. అలెఖైన్ పదివేల డాలర్ల బహుమతి నిబంధన పట్టుకుని కూర్చున్నాడు. ఆ నిబంధన పెట్టించినవాడు కపాబ్లాంకాయే కాబట్టి నోరెత్తడానికి వీల్లేకపోయింది. అలెఖైన్ మాత్రం బొగొల్యూబోవ్‌తో 1929లో ఒకసారి, 1934లో మరోసారి కిరీటం కోసం ఆడాడు. చదరంగ ప్రపంచం కోరుకున్న మ్యాచ్ జరగనేలేదు. 1927 తర్వాత ఆ ఇద్దరూ మళ్లీ ఎదురెదురుగా కూర్చోవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 1936లో నాటింగ్‌హామ్ టోర్నీలో కపాబ్లాంకా ఆ ఆట గెలిచాడు, బోత్విన్నిక్‌తో కలిసి టోర్నీలో మొదటి స్థానం పంచుకున్నాడు. అలెఖైన్ ఆరో స్థానంలో మిగిలాడు. బల్ల మీద అలెఖైన్ కల్పనాశక్తికి నేను దాసుణ్ణే. కానీ ఆ కుర్చీని తొమ్మిదేళ్లు ఖాళీగా ఉంచినందుకు ఆయన్ను మొదటి వరుసలో కూర్చోబెట్టలేను.

ఆ కుర్చీ దాకా రానే రాలేకపోయినవాళ్లూ ఉన్నారు. పంజాబ్‌లో పుట్టిన మీర్ సుల్తాన్ ఖాన్, సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే జమీందారు కొలువులో ఉండి, ఆయన వెంట ఇంగ్లండు వెళ్లాడు. 1929, 1932, 1933ల్లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1930–31 హేస్టింగ్స్ టోర్నీలో కపాబ్లాంకాను ఓడించాడు. 1933లో యజమానితో పాటు తిరిగి వచ్చేశాడు, అంతటితో ఆయన ఆట అయిపోయింది. ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది 2024లో, ఆయన పోయి 58 ఏళ్లయ్యాక.

1948లో కిరీటం ఛాంపియన్ల జేబులోంచి ఫిడే చేతికి వచ్చింది. అక్కడినుంచి కుర్చీలో ఎవరు కూర్చోవాలో టోర్నీలు నిర్ణయించాయి. ఎలక్ట్రికల్ ఇంజినీర్ బోత్విన్నిక్ రెండుసార్లు ఓడి రెండుసార్లూ తిరిగి గెలిచాడు. స్మిస్లోవ్, తాల్, పెత్రోస్యాన్, స్పాస్కీల గురించి వెనకటి భాగాల్లో వివరంగా చెప్పుకున్నాం. ఈ లెక్కలో వాళ్లెవరూ పోటీకి రారు, 23 ఏళ్లకే ఛాంపియనై ఏడాదికే కిరీటం పోగొట్టుకున్న తాల్ ఆటలంటే నాకెంత ప్రాణమైనా సరే.

ఫిషర్ దగ్గర మాత్రం ఆగాలి. ఒక్క శిఖరం ఎత్తునే కొలిస్తే ఇంత ఎత్తు ఎవరూ ఎక్కలేదు. 1963–64 అమెరికా ఛాంపియన్‌షిప్‌లో 11 ఆటలకు 11 గెలుపులు. సవాలుదారు ఎవరో తేల్చే 1971 క్యాండిడేట్స్‌లో తైమనోవ్‌ను 6–0తో, లార్సెన్‌ను 6–0తో ఓడించాడు. డ్రాలతో నిండిన ఆ స్థాయి చదరంగంలో ఇది నమ్మశక్యం కాని సంగతి. ఆపైన మాజీ ఛాంపియన్ పెత్రోస్యాన్‌ను ఆరున్నర–రెండున్నరతో దాటాడు. 1972లో రేక్యావిక్‌లో మొదటి ఆట ఓడి, రెండో ఆటకు రాక పాయింటు వదులుకుని, అయినా స్పాస్కీని పన్నెండున్నర–ఎనిమిదిన్నరతో గెలిచాడు. సోవియట్ చదరంగ యంత్రాంగం ముందు ఒక్క మనిషి! కానీ సెప్టెంబరులో ఆ మ్యాచ్ ముగిశాక ఆయన ఇరవై ఏళ్లు పోటీ చదరంగం ఆడలేదు. 1975లో ఎదుటి కుర్చీలోకి రావలసినవాడు 23 ఏళ్ల అనతోలి కార్పోవ్. ఫిషర్ పెట్టిన షరతుల్లో కొన్నిటికి ఫిడే ఒప్పుకుంది, అన్నిటికీ కాదు. ఏప్రిల్ 3న, పావు కదపకుండానే, కిరీటం కార్పోవ్‌దైంది. ఎవరు గెలిచేవారన్న ఊహ మనకు మిగిలింది. ఊహను తూకంలో వేయలేం.

ఇప్పుడు మాస్కో వెళదాం. 1984 సెప్టెంబరు 10. హౌస్ ఆఫ్ యూనియన్స్‌లోని స్తంభాల హాలు. కార్పోవ్ వయసు 33, కాస్పరోవ్‌కు 21. ముందుగా ఆరు ఆటలు గెలిచినవాడిది కిరీటం, డ్రాలకు లెక్క లేదు. తొమ్మిది ఆటలయ్యేసరికి కార్పోవ్ 4–0. ఇంకో రెండు గెలిస్తే కుర్రవాడి పని అయిపోయినట్టే. అక్కడ కాస్పరోవ్ తన స్వభావాన్ని తానే కట్టేసుకున్నాడు. దాడి మానేశాడు. వరసగా 17 డ్రాలు. 27వ ఆట కార్పోవ్ గెలిచాడు. 5–0. ఇక ఒక్క గెలుపు చాలు. ఆ ఒక్కటీ రాలేదు. 32వ ఆటలో కాస్పరోవ్ తొలి గెలుపు. మళ్లీ 14 డ్రాలు. చలికాలం ముదిరింది, హాలు మారింది, కార్పోవ్ చిక్కి సగమయ్యాడు. 47వ ఆట, 48వ ఆట కాస్పరోవ్ వరసగా గెలిచాడు. 5–3. 1985 ఫిబ్రవరి 15న ఫిడే అధ్యక్షుడు ఫ్లోరెన్సియో కంపోమానెస్, ఆటగాళ్లు అలసిపోయారంటూ, ఫలితం లేకుండానే మ్యాచ్ ఆపేశాడు. కాస్పరోవ్ అక్కడికక్కడే అభ్యంతరం చెప్పాడు.

ఓటమి అంచున అయిదు నెలలు నిలబడ్డ ఆ 48 ఆటలు కాస్పరోవ్‌కు బడి అయ్యాయి. పాఠం చెప్పినవాడు కార్పోవ్. సెప్టెంబరులో 24 ఆటల కొత్త మ్యాచ్ మొదలైంది. 16వ ఆటలో కాస్పరోవ్ నల్లగుర్రం డి3 గడిలో తిష్ఠ వేసి కూర్చుంది. అది ఉన్నంతసేపూ కార్పోవ్ ఏనుగులు కదలడానికి చోటు లేక నిలబడిపోయాయి. వీలున్నవాళ్లు ఆ ఆట తీసి, గుర్రం వచ్చిన దగ్గరినుంచి తెల్లపావులు ఒక్కొక్కటీ ఎలా స్తంభించిపోతాయో చూడండి. నవంబరు 9న చివరి ఆట. గెలిస్తే స్కోరు సమమై కిరీటం కార్పోవ్‌కే ఉంటుంది. కార్పోవ్ తన పద్ధతి వదిలి దాడికి దిగాడు, ఓడిపోయాడు. 13–11. 22 ఏళ్లకు కాస్పరోవ్ ప్రపంచ ఛాంపియన్.

అయినా కార్పోవ్ ఎదుటి కుర్చీ వదల్లేదు. 1986లో లండన్, లెనిన్‌గ్రాద్. 1987లో సెవిల్లా. 1990లో న్యూయార్క్, లియోన్. సెవిల్లాలో 23వ ఆట ఓడి ఒక పాయింటు వెనకబడ్డ కాస్పరోవ్, చివరి ఆట గెలిచి 12–12తో కిరీటం నిలబెట్టుకున్నాడు. అయిదు మ్యాచ్‌లూ కలిపితే 144 ఆటలు. కాస్పరోవ్ గెలిచినవి 21, కార్పోవ్ గెలిచినవి 19, డ్రాలు 104. ఆరేళ్ల పాటు, ప్రపంచంలో తనను ఓడించగల ఒకే ఒక్క మనిషిని ఎదుట పెట్టుకుని, రెండు ఆటల తేడాతో పైన ఉండడం! లాస్కర్‌కు రూబిన్‌స్టెయిన్ కుర్చీలోకి రాలేదు. అలెఖైన్ కపాబ్లాంకాను రానివ్వలేదు. ఫిషర్ తన కుర్చీలోనే కూర్చోలేదు. కాస్పరోవ్ ఎదుట కార్పోవ్ 144 సార్లు కూర్చున్నాడు.

కార్పోవ్ కూడా ఈ లెక్కలో చాలా పెరుగుతాడు. ఫిషర్ రాకపోవడంతో కిరీటం ఊరికే వచ్చిందన్న మాట ఆయన్ను ఏళ్ల తరబడి వెంటాడింది. ఆ 19 గెలుపులు ఆ మాటకు జవాబు.

కాస్పరోవ్ మీద మచ్చ లేకపోలేదు. 1993లో నైజెల్ షార్ట్‌తో కలిసి ఫిడే నుంచి విడిపోయి కిరీటాన్ని రెండుగా చీల్చాడు. అది మళ్లీ ఒకటి కావడానికి 2006 దాకా పట్టింది. 1998లో క్రామ్నిక్‌ను ఓడించి కాస్పరోవ్‌తో ఆడే అర్హత సంపాదించిన అలెక్సీ షిరోవ్‌కు సొమ్ము సమకూడక మ్యాచ్ దక్కలేదు. 2000లో లండన్‌లో ఆ కుర్చీలో కూర్చున్నది ఓడిపోయిన క్రామ్నికే. కాస్పరోవ్ ఒక్క ఆటా గెలవలేక కిరీటం పోగొట్టుకున్నాడు. షిరోవ్‌కు జరిగింది అన్యాయం, అందులో సందేహం లేదు. అయినా 1984 నుంచి 2005 దాకా రేటింగ్ పట్టికలో శిఖరం దాదాపు ఎప్పుడూ కాస్పరోవ్‌దే. 2005లో లినారెస్ టోర్నీ గెలిచి, నంబర్ వన్‌గా ఉండగానే ఆట చాలించాడు.

ఇక కార్ల్‌సన్. ఇప్పటిదాకా బల్ల ముందు కూర్చున్నవాళ్లందరిలో బలవంతుడెవరంటే కార్ల్‌సనే అని నా నమ్మకం. 2011 జూలై నుంచి మొదటి స్థానం వదల్లేదు. 2018 నుంచి 2020 దాకా 125 క్లాసికల్ ఆటల్లో ఓటమి లేదు. ఏమీ లేనట్టు కనిపించే చోట, అయిదారు గంటలు పిండి పిండి గెలుపు తీస్తాడు. కానీ 2018లో కరువానాతో ఆడిన 12 క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాయి, ర్యాపిడ్‌లో తేలింది. 2022లో, ఆడాలన్న ఉత్సాహం లేదంటూ కిరీటం వదులుకుంటున్నట్టు ప్రకటించాడు. 2023లో డింగ్ లిరెన్, నెపోమ్నియాషీ ఆయన లేని బల్ల దగ్గర ఆడారు. 2024లో గుకేశ్ 18 ఏళ్లకే డింగ్‌ను ఏడున్నర–ఆరున్నరతో ఓడించినప్పుడు, అసలు రాజు వేరే ఉన్నాడని కొందరు గొణిగారు. చెన్నైలో పెరిగిన ఆ తెలుగింటి కుర్రవాడు వచ్చి కూర్చున్నాడు. రానిది కార్ల్‌సన్. తర్వాతి ఏడాది స్టవాంగర్‌లో కార్ల్‌సన్‌ను గుకేశ్ ఓడించినా ఆ టోర్నీ కార్ల్‌సనే గెలిచాడన్నది కూడా చెప్పాలి.

ఆనంద్ మాట చెప్పకుండా ఈ భాగం ముగించలేను. కాస్పరోవ్‌కు కార్పోవ్ దొరికాడు, బోత్విన్నిక్ బడి దొరికింది. 1988లో భారతదేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయిన ఆనంద్‌కు సొంత దేశంలో ఎదుటి కుర్చీయే లేదు. స్పెయిన్‌లో ఇల్లు పెట్టుకుని ఆటగాళ్లను వెతుక్కుంటూ తిరిగాడు. 2000లో నాకౌట్‌లో, 2007లో మెక్సికో సిటీ టోర్నీలో, 2008లో బాన్‌లో క్రామ్నిక్‌తో మ్యాచ్‌లో, ఇలా మూడు పద్ధతుల్లోనూ ప్రపంచ కిరీటం గెలిచినవాడు ఆయనొక్కడే. 1995లో కాస్పరోవ్ చేతిలోనూ 2013లో సొంత ఊరు చెన్నైలో కార్ల్‌సన్ చేతిలోనూ ఓడాడు. రెండు యుగాల మహాబలులకూ ఎదురు నిలిచినవాడు ఇంకొకడు లేడు. ఇవాళ మన దేశంలో గ్రాండ్‌మాస్టర్లు 80 మంది దాటారు. గుంటూరు హరికృష్ణ, వరంగల్ అర్జున్ ఇరిగేశి, గుకేశ్, వీళ్లెవరికీ ఎదుటి కుర్చీ వెతుక్కుంటూ ఖండాలు దాటాల్సిన పని లేదు.

కాబట్టి నా తీర్పు ఇది. మొదటి స్థానం కాస్పరోవ్‌ది. రెండో స్థానం, కుర్చీ విషయంలో అంత తప్పు చేసినా, మూడు తరాలతో తలపడి 66 ఏళ్ల వయసులోనూ నిలబడిన లాస్కర్‌ది. మూడో స్థానం కార్ల్‌సన్‌ది. ఆయన ఇంకా ఆడుతూనే ఉన్నాడు కాబట్టి ఇది మారవచ్చు. ఫిషర్ నాలుగు. 1975లో కార్పోవ్‌తో ఆ ఒక్క మ్యాచ్ ఆడి గెలిచి ఉంటే ఈ వరుస వేరుగా ఉండేది.

నా మాట మీద నమ్మకం పెట్టుకోకండి. బల్ల తీసి, పావులు పేర్చి, 1914 నాటి లాస్కర్–కపాబ్లాంకా ఆట, 1985 నాటి 16వ ఆట, రెండూ ఎత్తు ఎత్తుగా ఆడి చూడండి. మీ తీర్పు మీరే చెప్పండి. వచ్చే వారం, 1927లో తొలి మహిళా ప్రపంచ ఛాంపియన్ అయిన వేరా మెన్‌చిక్ నుంచి మన గుడివాడ ఆడబిడ్డ కోనేరు హంపి దాకా చూద్దాం.